చెత్త కలిస్తే చేనుకు చేటు

వెనకటికి ఊరి పెంటదిబ్బ రైతుకు ఆస్తి. ఎండాకాలం రాగానే బండ్లు కట్టి దిబ్బ ఎత్తి చేలకు తోలేవాళ్లు. అందులో పేడ, బూడిద, ఊడ్చిన కసువు, కూరగాయల తొక్కలు తప్ప వేరేవి ఉండేవి కావు.

నెల్లూరు నగరం చెత్త కూడా ఏళ్ల తరబడి దొంతాలి దగ్గర దిబ్బ పడింది. కానీ దాన్ని తోలుకునే రైతు ఏడీ? తొక్కలు, మెతుకులతో పాటు క్యారీ బ్యాగులు, బ్లేడ్లు, గాజు పెంకులు, టార్చి సెల్లులు కలిసిపోయినాయి. అది చేలో చల్లితే నాట్లేసే కూలోళ్ల కాళ్లు ఏం కావాల?

నిజానికి ఈ ఎరువు అవసరం మనకే ఎక్కువ. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు వైపు సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో నీళ్లు నిలవవు. వేసిన యూరియా నీళ్లతో పాటే కిందికి దిగిపోతుంది. పశువులు తగ్గి పేడ ఎరువు కరువైంది. తేమ పట్టి ఉంచే సేంద్రియ ఎరువే ఈ నేలకు బలం.

అయితే లెక్క కూడా తెలుసుకోవాలి. ఎరువుల చట్టం ప్రకారం సిటీ కంపోస్టులో నత్రజని కనీసం 0.8 శాతం ఉండాలి. అంటే టన్నుకు దగ్గర దగ్గర 8 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైనే ఉంటుంది. కాబట్టి కంపోస్టు యూరియాకు బదులు కాదు, నేలను బాగుచేసే మందు. 2016లో కేంద్రం టన్నుకు రూ.1,500 సాయం ప్రకటించింది. సరుకు మంచిది కాకుంటే ఎంత సాయం ఇచ్చినా రైతు ముట్టడు.

మంచి సరుకు రావాలంటే ఇంట్లోనే వేరు చేయాలి. కలిసిన చెత్తను యార్డులో ఎంత జల్లెడ పట్టినా గాజు ముక్క, సెల్లు విషం పూర్తిగా పోవు. 2003 ప్రాంతంలో సూర్యాపేట మున్సిపాలిటీ తడి, పొడి వేరుగా తీసుకుని వానపాముల ఎరువు చేసి చూపించింది. మన రాష్ట్రంలో 2021లో ఇంటికి మూడు బుట్టలన్నారు. చెత్త పన్నుపై గొడవ జరిగి, 2024లో రద్దు ప్రకటించారు. పన్ను పోయింది సరే, వేరు చేసే అలవాటు పోకూడదు. ఆడవాళ్లు ఇంట్లో వేరు చేసి ఇచ్చింది బండిలో మళ్లీ ఒకటిగా కలిపేస్తే ఎవరికి మనసొప్పుతుంది?

అధికారులు ముందు బండ్లు సరిచేయాలి. కంపోస్టును ల్యాబులో పరీక్ష చేయించి, ఆ కాగితం బస్తాకు అంటించాలి. రైతులూ ఊరికే వస్తుందని తోలుకోవద్దు. ఒక గంప తెచ్చి గోనెపట్ట మీద పరిచి చూడండి. గాజు పెంకు ఒక్కటి కనబడినా వెనక్కి పంపండి. పట్నం వంటింట్లో జాగ్రత్త పడితేనే పల్లెలో చేను బాగుపడుతుంది.