గినీ లెక్కకు అందని గ్యాంగ్‌మన్

ప్రపంచంలో సమానత్వం ఎక్కువగా ఉన్న దేశాల్లో మనది నాలుగో స్థానమట. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వమే ఈ మాట ప్రచారంలో పెట్టింది. ఆధారం ప్రపంచ బ్యాంకు లెక్క. 2011-12లో 28.8గా ఉన్న గినీ సూచిక 2022-23 నాటికి 25.5కు తగ్గింది. సూచిక సున్నా అయితే అందరికీ సమానంగా అందినట్టు, వంద అయితే అంతా ఒక్కరికే పోయినట్టు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్లలో ఒకడిగా ఈ మాట నాకు మింగుడుపడదు. అయితే మింగుడుపడకపోవడం వాదన కాదు. కాబట్టి లెక్క దగ్గరే మొదలుపెడదాం.

ఈ 25.5 మన ఆదాయాల గినీ కాదు, ఖర్చుల గినీ. స్లొవేకియా, స్లొవేనియాలకు కొలిచింది ఆదాయాన్ని. రెండు వేర్వేరు కొలతలను ఒకే వరుసలో పెట్టి ర్యాంకు చెప్పారు. తేడా ఎంతో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. నెలకు 12 వేలు వచ్చే ఇల్లు అప్పు చేసి 14 వేలు ఖర్చుపెడుతుంది. 1,80,000 వచ్చే ఇల్లు 70 వేలు ఖర్చుచేసి మిగతాది దాచుకుంటుంది. ఆదాయంలో తేడా 15 రెట్లు, ఖర్చులో 5 రెట్లే. అంటే పేదవాడి అప్పు కూడా సమానత్వం ఖాతాలో జమ అవుతోంది. అదే ప్రపంచ బ్యాంకు పత్రంలో ఇంకో సంగతి కూడా ఉంది. వరల్డ్ ఇనీక్వాలిటీ డేటాబేస్ ప్రకారం మన ఆదాయాల గినీ 2004లో 52 ఉండగా 2023కి 62కు చేరింది. ప్రచారంలో ఈ ముక్క వినిపించలేదు.

ఇక అసమానతకు కారణం ఏమిటన్నది రెండో ప్రశ్న. జనం వ్యవసాయం నుంచి పరిశ్రమలోకి మారేటప్పుడు అసమానత పెరిగి, తర్వాత తగ్గుతుందని 1955లో సైమన్ కుజ్నెట్స్ ఊహించాడు. అభివృద్ధి చెందుతున్న దేశాలకు దశాబ్దాల పాటు ఇదే పాఠం చెప్పారు. ఆ పాఠాన్ని పరీక్షించడానికి రైల్వే ఊరిని మించిన చోటు లేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర పల్లెల వాళ్లు ఈ లైను వెంట పనికి వచ్చారు. పొలం వదిలారు, కులం వదల్లేదు. ఏ పనికి ఎవరన్నది అదే తేల్చింది.

దీన్ని బాబాసాహెబ్ 1938 ఫిబ్రవరిలోనే, మన్మాడ్‌లో జరిగిన రైల్వే దళిత కార్మికుల సభలో విప్పి చెప్పారు. రైల్వేలో దళితుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతాడు, పోర్టర్ కూడా కాలేడు. ఎందుకంటే పోర్టర్ స్టేషన్ మాస్టర్ ఇంటి పని కూడా చేయాలి, అంటరానివాడిని ఇంట్లోకి రానివ్వరు. నైపుణ్యం, చదువు అనే మాటలతో ఈ జీతం తేడాను వివరించగలమా?

తర్వాత రిజర్వేషన్ కొంత దారి తెరిచింది. ఏడో వేతన సంఘం పట్టికలో కింది మెట్టు 18,000, పై మెట్టు 2,50,000. దాదాపు 14 రెట్ల తేడా అయినా అది కంటికి కనబడుతుంది, దాని మీద కొట్లాడవచ్చు. కాని నేడు బోగీలు, ప్లాట్‌ఫారాలు కడిగే పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. ఆ కూలీలకు ఈ పట్టికలో గడి లేదు, రిజర్వేషన్ రోస్టరూ లేదు.

అసమానతలో ఎక్కువ భాగం కులాల మధ్య కాదు, కులాల లోపలే ఉందని వాదించే ఆర్థికవేత్తలున్నారు. వాళ్లు వాడేది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు అనే నాలుగు డబ్బాలు. వందల కులాలను ఒక డబ్బాలో కుక్కితే వాటి మధ్య తేడా 'లోపలి' తేడాగానే కనబడుతుంది. వలస వచ్చినవాళ్ల సంగతి ఇంకా చిక్కు. ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా వలసతో పాటు మరో రాష్ట్రానికి రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆంధ్ర నుంచి వచ్చిన మాల, మాదిగ, రెల్లి కుటుంబాన్ని ఛత్తీస్‌గఢ్‌లో ఏ డబ్బాలో వేస్తారు?

కొలవడం సాధ్యం కాదనే సాకు చెల్లదు. 2023 బిహార్ కుల సర్వే ఆదాయాన్ని కూడా అడిగింది. నెలకు 6 వేలు, అంతకన్నా తక్కువతో బతికే కుటుంబాలు రాష్ట్రం మొత్తంలో 34.13 శాతం, ఎస్సీల్లో 42.93, జనరల్ కులాల్లో 25.09.

2026లో దేశవ్యాప్తంగా కుటుంబ ఆదాయ సర్వే చేస్తామని కేంద్రం ప్రకటించింది. 2027 జనగణనలో కులాన్ని లెక్కిస్తామంది. ఈ రెండూ ఒకదానికొకటి ముఖం చూసుకోని లెక్కలుగా మిగిలిపోకూడదు. ఆదాయ సర్వే ఉపకులం పేరు అడగాలి. పని పర్మనెంటా, కాంట్రాక్టా అని అడగాలి. అప్పు, ఆస్తి, సొంత రాష్ట్రం అడగాలి. ఆ ప్రశ్నల జాబితా ఖరారయ్యే చోట మన విద్యార్థులు, అధ్యాపకులు నోరు విప్పాలి. అడగని ప్రశ్నకు జవాబు రాదు. జవాబు లేని చోట సమానత్వం ఉందని రాసుకోవడం పాలకులకు చాలా తేలిక.