గుండెకు యంత్రం పెట్టించాక ఇంటి మనిషికీ సెలవు కావాలి



సత్తువాచారిలో కాపురముంటూ నూలు మిల్లులో రింగ్ ఫ్రేముల మీద పని చేసే మన సభ్యుడొకరి భార్యకు ఇటీవల పేస్‌మేకర్ అమర్చారు. ఆమె గుండె నిమిషానికి 35 సార్లే కొట్టుకునేది. రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయింది. ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజు ఇంటికి పంపారు. మన సభ్యుడు ఆరు రోజులు సెలవు పెట్టి, ఏడో రోజు నైట్ షిఫ్టుకు వచ్చేశాడు. అందరమూ గండం గడిచిందనుకున్నాం.

రెండో వారంలో ఆమెకు ఎడమ పక్కటెముకల కింద ఎక్కిళ్లలాగా అదరడం మొదలైంది. యంత్రం పని చేస్తున్నదనడానికి అదే గుర్తు కాబోలు అనుకున్నది ఆ తల్లి. తర్వాత తల తిరగడం మళ్లీ వచ్చింది. అయినా భర్తకు చెప్పలేదు. చెబితే ఇంకో రాత్రి కూలి పోతుంది, ఆ నెల హాజరు బోనస్ పోతుంది. ఇరుగుపొరుగు వారు, 'కొత్త యంత్రం గదా, సర్దుకుంటుంది లేమ్మా' అన్నారు. ఆదివారం కుళాయి దగ్గర ఆమె గోడ పట్టుకుని కూలబడడం భర్త కంట పడింది. మరునాడు సెలవు అడగబోతే ఆఫీసులో, 'ఆపరేషన్ అయిపోయింది గదా, మళ్లీ ఏం సెలవు?' అన్నారట. కూలి పోతే పోయిందని ఆయన భార్యను తీసుకుని వెళ్లాడు. గుండెలోకి వెళ్లిన తీగ కొస జరిగిందని డాక్టర్లు తేల్చి, మళ్లీ సరిచేశారు. ఇప్పుడామె కులాసాగా ఉన్నది. ఇంకో రెండు రాత్రులు ఆయన షిఫ్టుకు పోయి ఉంటే ఏమయ్యేదో మేము ఊహించదలచుకోలేదు.

ఈ సంగతి ఒక్క ఇంటిది కాదు గనుక ఇక్కడ రాస్తున్నాం.

పేస్‌మేకర్ అంటే చొక్కా జేబులో పట్టేంత చిన్న పెట్టె. దాన్ని కాలరు ఎముక కింద చర్మం లోపల పెడతారు. రక్తనాళం గుండా ఒకటో రెండో తీగలు గుండెలోకి దింపుతారు. గుండె నెమ్మదించినప్పుడు అది చిన్న విద్యుత్ తట్టు ఇస్తుంది. అంతే. రక్తనాళాల్లో అడ్డంకులను అది తొలగించదు. యంత్రం ఉన్నది గనుక ఇక గుండెపోటు రాదనుకోవడం తప్పు. కోత దగ్గర కొద్ది రోజులు నొప్పి, కాస్త కమిలినట్టు ఉండడం మామూలే. అయితే అక్కడ ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపించినా, తల తిరిగినా, ఆయాసం వచ్చినా, మెడలో గుండె కొట్టుకుంటున్నట్టు తోచినా, ఎక్కిళ్లు ఆగకపోయినా, ఆ పక్క చెయ్యి వాచినా, సర్దుకుంటుందని కూర్చోరాదు. వెంటనే ఆసుపత్రికి కబురు చేయాలి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

తీగ జరగడమనేది ఎక్కువగా మొదటి వారాల్లోనే జరుగుతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు ఆ పక్క చేతిని భుజం పైకి ఎత్తవద్దంటారు, బిందెలు మోయవద్దంటారు. అలాగని చేతిని ఛాతీకి కట్టేసినట్టు ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. ఇంకొన్ని బాధలకు కత్తే అక్కరలేదు. పై గదులూ కింది గదులూ వరుస తప్పి కొట్టుకోవడం వల్ల నీరసం, తల తిరుగుడు వచ్చే వారున్నారు. ఛాతీ మీద ఒక పరికరం ఆనించి యంత్రం లెక్కను మార్చడంతోనే చాలామందికి అది తగ్గుతుంది. కానీ ఫలానా బాధ ఉన్నదని ఎవరైనా చెబితేనే గదా డాక్టరు మార్చేది!

భయాలు కూడా కొన్ని ఉన్నాయి. ఆమెను ముట్టుకుంటే షాక్ కొడుతుందని పిల్లలను దగ్గరకు రానివ్వని ఇల్లు మేము చూశాం. పేస్‌మేకర్ ఉన్న మనిషిని ముట్టుకుంటే ఏమీ కాదు. మిక్సీ, టీవీ వాడుకోవచ్చు. సెల్‌ఫోన్ యంత్రానికి ఆరు అంగుళాల దూరంలో ఉంచాలి. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల ఎడం పాటించాలి. పేస్‌మేకర్ ఉన్న కార్మికుడు వెల్డింగు, పెద్ద మోటార్ల దగ్గర పనికి డాక్టరును అడగకుండా దిగకూడదు.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. ప్రపంచంలో మొదటిసారి మనిషి శరీరంలో పేస్‌మేకర్ పెట్టింది 1958 అక్టోబరు 8న, స్వీడన్ దేశంలోని స్టాక్‌హోమ్‌లో. రోగి పేరు ఆర్నె లార్సన్. రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పేవాడు. ఆయన భార్య ఎల్స్ మారీ డాక్టరు సెన్నింగ్ వెంట, ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్ వెంట పడి, వారు కాదన్నా వదలక ఆ యంత్రం చేయించింది. మొదటిది కొద్ది గంటలకే ఆగిపోయింది. రెండోది పెట్టారు. జీవితకాలంలో 20కి పైగా యంత్రాలు మార్చుకుని ఆయన 2001 దాకా, 86 ఏళ్ల వయసు వరకు బతికాడు. ఆ యంత్రం పుట్టుకలోనే పట్టు వదలని ఒక ఇల్లాలు ఉన్నది. ఇంటి మనిషి కన్నుకు ఉన్న విలువ అది.

మరి మన దగ్గర ఆ కన్నుకు విలువ ఏది? ఇ.ఎస్.ఐ.లో భార్యకు వైద్యం ఉన్నది. కార్మికునికి జబ్బు చేస్తే 91 రోజుల దాకా జీతంలో 70 శాతం అనారోగ్య భత్యమూ ఉన్నది. కానీ భార్య జబ్బుకు తోడున్న రోజుకు భర్తకు పైసా రాదు. భర్త జబ్బుకు తోడున్న కార్మికురాలికీ అంతే. ఇక మిగిలేది 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున వచ్చే సెలవు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆ సెలవుకు 15 రోజుల ముందు దరఖాస్తు పెట్టమన్నది. 2025 నవంబరు 21న కొత్త కోడ్‌లు వచ్చినా ఆఫీసు గుమాస్తాల అలవాటు మాత్రం పోలేదు. తల తిరుగుడు 15 రోజుల ముందు నోటీసు ఇచ్చి వస్తుందా?

ఉత్పత్తి దెబ్బతింటుందని యాజమాన్యం అంటున్నది. మగ్గానికీ ఫ్రేముకూ మనిషి కావాలి, మాకూ తెలుసు. కానీ ఇంట్లో ఏమయిందోనన్న గుబులుతో రాత్రంతా యంత్రం ముందు నిలబడేవాని చెయ్యి ఎప్పుడు దేంట్లో పడుతుందో చెప్పలేం. ఒక రోజు సెలవు అంతకంటే చౌక.

కనుక సంఘం కోరుతున్నది ఇది. భార్యకు గానీ భర్తకు గానీ గుండెకు యంత్రం పెట్టిన కార్మికులకు మొదటి ఆరు వారాలు నైట్ షిఫ్టు వేయరాదు. పరీక్షలకు తోడు వెళ్లే రోజులకు జీతంతో సెలవు ఇవ్వాలి. ఆ రోజులకు హాజరు బోనస్ కోయరాదు. మెషీన్ దగ్గర సెల్‌ఫోన్ వద్దనడం న్యాయమే. అయితే ఇంటి నుంచి గేటుకు వచ్చిన కబురు ఆ నిమిషమే మనిషికి అందాలి.

సభ్యులకు కూడా ఒక మనవి. ఆసుపత్రి ఇచ్చే చీటీ ఇంగ్లీషులో ఉంటే దాచిపెట్టకండి. సంఘం ఆఫీసుకు తెండి, చదివి చెబుతాం. యంత్రం కార్డు ఎప్పుడూ వెంట ఉంచుకోండి. రోజూ నాడి పట్టి నిమిషం పాటు లెక్కించి కాగితం మీద రాయండి. యంత్రాన్ని ఎంతకు పెట్టారో డాక్టరును అడిగి, అంతకు తగ్గితే వెంటనే చెప్పండి. అన్నిటికంటే ముందు, డ్యూటీ దిగి ఇంటికి వెళ్లగానే ఒక్క మాట అడగండి: 'ఈ రోజు ఎలా ఉన్నది?' అమ్మలారా, అక్కలారా, మీరూ కూలి పోతుందని బాధ దాచకండి. పోయిన కూలి కోసం కొట్లాడడానికి సంఘం ఉన్నది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి