ఉప్పున మితము

1930వ సంవత్సరమున చెన్నపట్టణమున ఉప్పు సత్యాగ్రహము నడపి కారాగారమున కేగినవారిలో శ్రీమతి దుర్గాబాయి గారొకరు. బీదవాని గంజిలోని ఉప్పుపై పన్ను అన్యాయమని నాటివారు వాదించిరి. 1947లో ఆ పన్ను రద్దయ్యెను. ఉప్పు చౌకగా లభించుట ప్రజల హక్కే. కాని చౌకగా లభించుచున్నదని మితము లేక తినవలెనను నియమము లేదు.

వయోజనులు దినమునకు 5 గ్రాములకు లోబడి ఉప్పు తినవలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. అది ఇంచుమించు ఒక టీ చెంచాడు. మన దేశమున వాడుక అంతకు చాల హెచ్చు. ఉప్పు హెచ్చినకొలది శరీరము నీటిని నిలుపుకొనును, రక్తపుపోటు పెరుగును. ఈ పోటు తఱచు ఏ బాధయు తెలుపక, తుదకు పక్షవాతముగనో గుండెజబ్బుగనో బయటపడును, మూత్రపిండములను చెఱచును.

చెన్నపట్టణమున తరతరములుగా నివసించు తెలుగువారు భాషను ఎంతవఱకు నిలుపుకొన్నారో గాని, ఆవకాయ జాడిని మాత్రము విడువలేదు. దానికి ఈ నాటి సాంబారును, అప్పడములును తోడైనవి. పగలెల్ల కుర్చీని వీడని న్యాయవాదులు, వైద్యులు, ఉద్యోగులు ఈ విషయమును ఆలోచింపవలసియున్నది.

మన పెద్దలు ఊరగాయలు తినియే నూఱేండ్లు బ్రతికిరని కొంద ఱందురు. బ్రతికినవారిని మాత్రమే లెక్కించి, నడివయస్సున కూలినవారిని మఱచుట, ఒక పక్షపు సాక్ష్యము విని తీర్పు చెప్పుట వంటిది. అంతేకాక ఆ పెద్దలు మనవలె కూర్చుండియే దినము గడపలేదు.

ఆవకాయను వెలివేయుడని మేము కోరము. ఊరగాయ విస్తరిలో నున్నపుడు మజ్జిగలో ఉప్పు వేయకుందురుగాక. అన్నము వండునపుడు ఉప్పు మానవచ్చును. కూరలో తగ్గిన ఉప్పునకు నిమ్మరసము, మిరియము, అల్లము, కొత్తిమీర సాయపడును. ఒక్కసారి కాక క్రమముగా తగ్గించినచో కొన్ని వారములలో నాలుక అలవాటుపడును.

చైనాలోని 600 గ్రామములలో సుమారు 21 వేలమందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. వారు పూర్వము పక్షవాతము వచ్చినవారు, లేదా రక్తపుపోటు గల వృద్ధులు. నాలుగవ వంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వాడినవారిలో, మామూలు ఉప్పు వాడినవారికంటె పక్షవాతము 14 శాతము తక్కువగా నుండెను. అయితే మూత్రపిండముల జబ్బు గలవారికి ఇట్టి ఉప్పు ప్రమాదకరము కావచ్చును. రక్తపుపోటునకు వాడు కొన్ని మందులతో నిది పొసగదు. కావున వైద్యుని యడిగియే వాడవలెను. ఏ ఉప్పైనను అయొడిన్ గలదిగా నుండవలెను. ఉప్పు తగ్గించితిమని మందులు మానుట తగదు.

ఈ మార్పునకు ధనవ్యయము లేదు, తీరికయు నక్కఱలేదు. దీని నంతయు వంటయింటి స్త్రీలపై మోపి, భోజనమునకు కూర్చుండి "ఉప్పు చాలలే"దని కసరు గృహస్థు తన ఆయువును తానే తగ్గించుకొనుచున్నాడు. ఆ యొక్క మాటను మానుటతో సంస్కరణ నారంభింపవచ్చును.