91 రోజుల్లో కోలుకోవాలా?

దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్, అంటే క్లోమగ్రంథి వాపు) మీద మన దగ్గర వాదన ఎప్పుడూ ఒకచోటే తిరుగుతుంది: కోయాలా, ఎండోస్కోపీతో రాళ్లు తీయాలా? రాళ్లు పగలగొట్టడంలో హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి పేరు మోగుతుంది. పాంక్రియాస్‌కు చేసే ఫ్రే ఆపరేషన్ చేసిన సర్జన్ల ఫొటోలు పత్రికల్లో పడతాయి. ఆపరేషన్ అయిన మనిషి మళ్లీ అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లో నైట్ షిఫ్టు ఎలా చేస్తాడన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

నొప్పి సంగతి ఎప్పుడో తేలింది. నెదర్లాండ్స్‌లో 39 మందిపై జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. ఐదేళ్ల తర్వాత చూస్తే ఆపరేషన్ చేయించుకున్నవారిలో 80 శాతానికి నొప్పి తగ్గింది, ఎండోస్కోపీ వారిలో 38 శాతానికే. ఈ అంకెలు అందరూ చెబుతారు. జీవన నాణ్యతలో మాత్రం రెండు వర్గాలూ ఇంచుమించు ఒకలాగే ఉన్నాయన్న మాట దగ్గర గొంతు తగ్గుతుంది. చిన్న అధ్యయనమే, నిజమే. అయినా అందులోంచి మనకు నచ్చిన సగమే ఏరుకుంటే ఎలా?

ఆపరేషన్ నొప్పిని తగ్గిస్తుంది, పోయిన గ్రంథిని తిరిగి తేదు. చాలామందికి ప్రతి భోజనంతోనూ ఎంజైమ్ క్యాప్సూల్ కావాలి, లేకపోతే తిన్నది ఒంటబట్టదు. షుగర్ వస్తే అది మామూలు షుగర్ కాదు. ఇన్సులిన్‌తో పాటు, పడిపోయిన షుగర్‌ను పైకి లేపే గ్లూకగాన్ కూడా తగ్గిపోతుంది. క్యాంటీన్ భోజనం గంట ఆలస్యమైతే కళ్లు తిరిగి రియాక్టర్ పక్కనే కూలబడవచ్చు. పైగా 'తాగుబోతు జబ్బు' అన్న ముద్ర. మద్యం పెద్ద కారణమే, కానీ దక్షిణాదిలో చుక్క ముట్టనివారికీ ఇది వస్తుంది.

ఇలాంటి కార్మికుడికి కార్మిక రాజ్య బీమా (ఈఎస్ఐ) ఇచ్చేది జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల సిక్‌నెస్ బెనిఫిట్. అవును, 91. ఆపరేషన్‌కు ముందు నొప్పితో మంచాన పడ్డ రోజులూ ఆ 91లోనే, కుట్లు మానే రోజులూ ఆ 91లోనే, ఇన్సులిన్ డోసు కుదురుకునే రోజులూ ఆ 91లోనే. అంతకు మించి రెండేళ్ల దాకా 80 శాతం ఇచ్చే విస్తృత ప్రయోజనం ఉంది, 34 జబ్బులకు. అందులో కాలేయ సిరోసిస్ ఉంది, పాంక్రియాస్ లేదు. లివర్ చెడిన కార్మికుడికి రెండేళ్లు, దాని పక్కనే ఉన్న గ్రంథి చెడినవాడికి 91 రోజులు!

ప్రత్యేక సందర్భాల్లో జాబితాలో లేని జబ్బుకూ మంజూరు చేసే అధికారం ఢిల్లీలోని ఈఎస్ఐ పైఅధికారులకు ఉందంటారు. ఉంది. పూడిమడక రోడ్డు పక్క గదిలో అద్దెకుండే కాంట్రాక్టు కార్మికుడు ఢిల్లీ దయ కోసం దరఖాస్తు పెట్టుకోవాలా? హక్కుకూ దయకూ తేడా తెలియనట్టు మాట్లాడకండి.

2024 అక్టోబరు 29న ప్రధాని అచ్యుతాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. సంతోషం. గోడలు లేస్తాయి, మంచాలు వస్తాయి. ఆ మంచం మీంచి లేచినవాడికి 92వ రోజున జీతం ఎవరిస్తారు? ఈఎస్ఐ కార్పొరేషన్‌కు చైర్మన్ కేంద్ర కార్మిక మంత్రే. దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్‌ను 35వ జబ్బుగా చేర్చమని అనకాపల్లి ఎంపీ, ఇక్కడి యూనియన్లు ఆయన్ని లిఖితపూర్వకంగా అడగాలి. కాదంటే సిరోసిస్‌కు ఉన్న అర్హత దీనికెందుకు లేదో ఆయనే కాగితం మీద రాసివ్వాలి.