దశావతారాలకూ పరిణామానికీ ముడిపెట్టొద్దు

డార్విన్ చెప్పింది మన పురాణాల్లో ఎప్పుడో ఉందనే మాట గుళ్ళో ప్రవచనకారుడు అంటే ఒక దారి. 2019 జనవరిలో జలంధర్‌లో, ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతే డార్విన్ కంటే దశావతారాలు మేలన్నారు!

మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం... వింటుంటే వరస కుదిరినట్టే ఉంటుంది. కానీ మనిషి పంది నుంచీ రాలేదు, సింహం నుంచీ రాలేదు. అవి మనకు దూరపు దాయాదులు. పరశురాముడు, రాముడు, కృష్ణుడు ముగ్గురూ మనుషులే. మరి అక్కడ ఏది దేనిగా మారినట్టు? అవతారం పైనుంచి దిగి, పని ముగించుకుని వెళ్ళిపోతుంది. పరిణామంలో దిగివచ్చేవాడెవడూ లేడు.

చేపలు నేలకెక్కిన కాలం నాటి రాళ్ళు ఎక్కడున్నాయో ముందే లెక్కగట్టి, శిలాజ శాస్త్రవేత్త నీల్ షూబిన్ బృందం కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవికి వెళ్ళింది. ఏళ్ళ తరబడి వెతికితే 2004లో టిక్‌టాలిక్ అనే జీవి శిలాజం దొరికింది. సుమారు 37.5 కోట్ల ఏళ్ళ నాటిది. ఒంటి నిండా చేప పొలుసులు, అయినా మెడ ఉంది. ముందరి ఈతరెక్కలో మొదట ఒక ఎముక, తర్వాత రెండు, ఆపైన చిన్నచిన్నవి. ఇప్పుడు మీ చెయ్యి తడిమి చూసుకోండి. భుజం నుంచి మోచేతి దాకా ఒకటి, అక్కణ్ణుంచి మణికట్టు దాకా రెండు. కోడి రెక్కలో, గబ్బిలం రెక్కలో కూడా అంతే.

దేవుడు లేకపోతే బతుక్కి అర్థమేముందని అడిగేవారికి నేను చూపించేది ఈ చుట్టరికాన్నే. కొందరు ముఖం నుంచి, కొందరు పాదాల నుంచి పుట్టారన్న కథ మీద కట్టిన కులం దీని ముందు నిలవదు. గొడ్డు నొప్పి మన నొప్పి లాంటిదేనని నమ్మడానికి ఇంతకంటే గట్టి ఆధారం నాకు కనబడలేదు.

అలాగని దీన్ని ఇంకో పురాణం చేసుకోకూడదు. మనిషి ఈ కథకు శిఖరం కాదు. బొద్దింక వెనకా మనకున్నంత చరిత్ర ఉంది. తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడిన ‘యోగ్యతముల సార్థక జీవనం’ అన్న మాటను పట్టుకుని పేదల ఆకలిని సమర్థించినవారున్నారు. అది అన్యాయం. ప్రకృతిలో జరిగిందల్లా ధర్మం కాదు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, సైన్సు ప్రేమికులు వద్దని బహిరంగ లేఖ రాశారు. ఆ పుస్తకాలు చదివేవాళ్ళలో పదకొండు, పన్నెండు తరగతుల్లో బయాలజీ తీసుకున్నవాళ్ళకే ఇక ఆ పాఠం. పదితో చదువు ఆగిపోయే పిల్లకు తన చేతి ఎముకల కథ ఎవరు చెబుతారు?