కాళ్ళు పడిపోయినవానికి కసరత్తు ఎందుకు?

మొన్న మన కాలేజి వ్యాయామశాల మెట్ల ముందర చక్రాల కుర్చీ ఆపుకొని పైకి చూస్తుంటే ఒక మిత్రుడు అడిగాడు: “నీకిక్కడేం పనన్నా? నీడకు పోయి కూసో రాదు?” ఆ మాటలో చెడు లేదు, ప్రేమే ఉంది. ఆ ప్రేమతో పేచీ పెట్టుకోవడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది మానేరు ఒడ్డున ఒక పల్లె. తాళ్ళెక్కుడు మా ఇంటి వృత్తి. ఇంటర్ సెలవుల్లో బాపుకు జ్వరమొస్తే మోకు నేను పట్టాను. మూడో చెట్టు మీద పట్టు తప్పింది. అంతే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు చెట్టెక్కే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. సంతోషమే. మరి అంతకు ముందే పడ్డవాళ్ళ సంగతి?

వెన్నుపాము దెబ్బతింటే మెదడు ఆజ్ఞ కిందికి దిగదు, కింది స్పర్శ పైకి రాదు. ఇది డాక్టర్లు చెప్పారు. ఏడాది పాటు గోడవైపు తిరిగి పడుకుంటానని మాత్రం ఎవరూ చెప్పలేదు. చూడవచ్చినవాళ్ళు బత్తాయిలు పెట్టి “ధైర్యంగుండు బిడ్డా” అని పోయేవారు. ధైర్యమేమన్నా బత్తాయా, తెచ్చి ఇవ్వడానికి! మా అవ్వ దాన్ని మనాది అంది. డాక్టరు డిప్రెషన్ అని రాశాడు. నాకు మా అవ్వ మాటే నచ్చింది గాని, మనాదికి ఎవరూ దవాఖానకు పోరు. చిక్కంతా అక్కడే ఉంది.

నన్ను గోడవైపు నుండి ఇటు తిప్పింది ఫిజియోథెరపీ గదిలో కలిసిన ఒక బొగ్గుబాయి కార్మికుడు. ఆదిలాబాద్ వైపు మనిషి. కప్పు కూలి నడుము విరిగింది. “తమ్మీ, కాళ్ళు పోతె పోయినయ్, రెక్కలున్నయ్ గద” అని, కుర్చీ చేతుల మీద బలం పెట్టి ఒళ్ళంతా పైకి లేపి చూపించాడు. మొదటి రోజు నాకు రెండుసార్లు కూడా చేతకాలేదు. అది ఊరికే చేసే కసరత్తు కాదు. అట్లా పావుగంటకో అరగంటకో లేవకపోతే కూర్చున్నచోట పుండ్లు పడతాయి. చచ్చుబడ్డ కాళ్ళను కూడా రోజూ ఎవరో ఒకరు వంచి చాపాలి, లేకుంటే కీళ్ళు బిగుసుకుపోతాయి. మా ఇంట్లో ఆ పని తమ్మునిది. నిన్న పదకొండు, ఇయ్యాల పన్నెండు అని వాడు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. ఏ గోడను చూస్తూ ఏడ్చానో ఆ గోడ మీదే.

కసరత్తుతోనే అంతా నయమవుతుందని నేననను. కొన్ని నెలలు మాత్రలు కూడా మింగాను, చెప్పుకోవడానికి సిగ్గులేదు. 2022లో టెలి మానస్ వచ్చింది. 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అతి చేస్తే భుజాలు దెబ్బతింటాయి, మాకు భుజాలే కాళ్ళు. పైగా మన రామగుండం ఎండలు! వెన్ను దెబ్బతిన్నచోటికి కింద చెమట సరిగా పట్టదు, ఒంటి వేడి దిగదు. అందుకే నా వ్యాయామం తెల్లవారుజామునే.

నాజీ జర్మనీ వదిలి వచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ అనే యూదు డాక్టరు 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో వెన్ను విరిగిన సైనికుల చికిత్స చేపట్టాడు. వీళ్ళెట్లాగూ బతకరని అందరూ వదిలేసిన రోజులవి. ఆయన వాళ్ళ చేత ఆటలాడించాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, 16 మందికి విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్‌కు బీజం అదే. మన మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధంలో తూటాలు తిని, 1972లో హైడెల్‌బర్గ్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చాడు. గొప్పే. కానీ నాకు పతకం అక్కరలేదు. మావంటి ప్రతివాణ్ణీ వీరుణ్ణి చేసి చప్పట్లు కొట్టడం కూడా జాలిలో ఒక రకమేనని నా అనుమానం.

2016 చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో మాకు కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలంది. సీటొచ్చింది. వ్యాయామశాలకు మాత్రం తొమ్మిది మెట్లున్నాయి. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలి. ఆ లెక్కన అక్కడ యాభై అడుగులు దాటుతుంది. అంత అడగను. కింద విరిగిన బెంచీలు పడేసిన గది ఒకటుంది, దాని గడప ఒక్కటే అడ్డం. విద్యార్థి సంఘం క్రికెట్ సామానుకు పెట్టే డబ్బులో కొంత తీస్తే నడుమెత్తున రెండు ఇనుప పైపులు, నాలుగు ఇసుక సంచులు, గడపకు ఒక చెక్క వాలు వస్తాయి. వెల్డింగు షాపులో ధర రాయించుకొని కాగితం కార్యదర్శికి ఇచ్చాను. గది తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచండి. పొద్దున ఐదున్నరకు వస్తాను.