ఇంటా భద్రత: మైక్రోవేవ్ ఓవెన్ మొరాయించినపుడు

కర్మాగారంలో పర్మిట్ లేనిదే ప్యానెల్ తలుపు తెరవని మనం, ఆ క్రమశిక్షణను హెల్మెట్‌తో పాటు గేటు వద్దనే వదలి ఇంటికి వస్తున్నామేమో! గత నెలలో మా ఇంటి మైక్రోవేవ్ ఓవెన్‌లో చిటపటమని నిప్పురవ్వలు ఎగిరినపుడు, ఈ వ్యాసకర్త స్క్రూడ్రైవర్ అందుకొని పై కవరు విప్పబోయాడు. "ఫ్యాక్టరీలో కూడా ఇలాగే విప్పుతారా అండీ?" అన్న మా శ్రీమతి ప్రశ్నతో చేయి ఆగింది.

ఆగడమే మంచిదయినది. సాధారణంగా ఈ ఓవెన్లలో ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్, డయోడ్ కలిసి 230 వోల్టుల విద్యుత్తును సుమారు 4,000 వోల్టులకు పెంచి మాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. ప్లగ్గు తీసివేసిన పిదప కూడా కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు. దానిని హరించే రెసిస్టర్ చెడిపోయినా పైకి తెలియదు. కనుక కవరు లోపలి మరమ్మతు శిక్షణ పొందిన మెకానిక్ చేయవలసినదే.

అయినా కవరు విప్పకుండా మనం పరిశీలించదగినవి లేకపోలేదు.

ఓవెన్ బొత్తిగా పనిచేయనిచో, అదే సాకెట్‌లో మరొక ఉపకరణం పెట్టి చూడాలి. తలుపు గట్టిగా మూసుకొనక, ఇంటర్‌లాక్ స్విచ్ కలవకపోయినా ఓవెన్ వేడిచేయదు. తలుపు వంగినా, అద్దం పగిలినా వాడకం తక్షణమే ఆపివేయాలి.

వేడి తగ్గినదని అనుమానం కలిగితే, ముందుగా పవర్ స్థాయి తగ్గించి ఉన్నదేమో చూడాలి. తరువాత గాజు పాత్రలో లీటరు నీరు పోసి, ఉష్ణోగ్రత చూసి, పూర్తి పవర్‌లో సరిగా ఒక నిమిషం ఉంచాలి. నీటిని కలిపి మరల ఉష్ణోగ్రత చూడాలి. పెరిగిన డిగ్రీల సెల్సియస్‌ను 70తో గుణిస్తే వచ్చేది సుమారుగా ఓవెన్ శక్తి. 11 డిగ్రీలు పెరిగితే 770 వాట్లు; 800 వాట్ల ఓవెన్‌కు అది తృప్తికరమే. సగం కూడా రాకపోతే మెకానిక్‌ను పిలవాలి.

నిప్పురవ్వలు వస్తే వెంటనే ఆపి, ప్లగ్గు తీసి, జరీ అంచు పింగాణీ వంటి లోహపు పూత గల పాత్రలు ఉన్నవేమో చూడాలి. లేనిచో లోపలి పక్క గోడకు ఉండే అభ్రకపు రేకును పరిశీలించాలి. మా ఓవెన్‌లో దోషి అదే! కూర తుంపరలు పడి, మాడి, నల్లబడినది. గోడను శుభ్రపరచి, పాత రేకు కొలతకు కత్తిరించిన క్రొత్త రేకును అమర్చడంతో రవ్వలు ఆగిపోయినవి. పై కవరు స్క్రూ ఒక్కటి కూడా విప్పనక్కరలేకపోయినది.

ఇంటిలో పర్మిట్ పుస్తకం ఉండదు. కాని "విప్పవచ్చునా?" అని ఒక్క క్షణం ఆగి అడిగే అలవాటును గేటు దాటించి ఇంటికి తెచ్చుకుందాం. మా ఇంటిలో పర్మిట్ ఇచ్చే అధికారి ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు గదా!